కారులో నాదస్వరం: మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కమిటీకి బహిరంగ లేఖ

కమిటీ సభ్యులందరికీ నమస్కారం.

లిఫ్టుల పక్కన మీరు అంటించిన నోటీసు చదివాను. ఇరుగుపొరుగుకి ఇబ్బంది కలిగించే పనులంటూ మూడింటిని వరసగా రాశారు: పెంపుడు కుక్కల అరుపులు, గోడలకి డ్రిల్లింగు, సంగీత వాయిద్యాల ప్రాక్టీసు. కుక్కలకి మందలింపుతో సరిపెట్టారు. డ్రిల్లింగుకి ఆదివారం సెలవిచ్చారు. వాయిద్యాలకి మాత్రం ఫ్లాట్లలో పూర్తి నిషేధం, మీరితే ఒక్కోసారికి వెయ్యి రూపాయల జరిమానా. ఇది ఎవరి గురించో అడగక్కర్లేదు. మన ఏడొందల గడపలో నాదస్వరం ఉన్న ఇల్లు మాదొక్కటే, ఊదేది మా మనవరాలు.

ఇంగ్లీషులో రెండు మెయిళ్ళు పెట్టాను. "నోటెడ్" అని ఒక్క ముక్క జవాబొచ్చింది. బెంగళూరులో మారతహళ్ళి చుట్టుపక్కల చాలా అపార్ట్‌మెంట్లలో లాగే మన దగ్గరా తెలుగువాళ్ళం ఎక్కువే. కమిటీ మీటింగులో గొంతులు లేచాయంటే వినపడేది తెలుగే. అందుకని ఈసారి తెలుగులో, అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందు మీ మాట ఒప్పుకుంటాను. ఫిర్యాదు అబద్ధం కాదు. నాదస్వరం పుట్టిందే నాలుగు గోడల మధ్య ఊదడానికి కాదు. దేవుడి ఊరేగింపులో ముందు నడిచేవాడు ఊదితే ఆఖర్న వచ్చేవాళ్ళకి వినపడాలి, అదీ మైకు లేకుండా. మా హాల్లో ఫోన్‌లోని యాప్ పెట్టి కొలిస్తే 94 డెసిబెల్స్ చూపించింది. తలుపు మూసి కారిడార్లో నిలబడితే 71. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ఫోన్ లెక్క కాస్త అటూ ఇటూ అయినా సరే, తప్పు మాదే. ఎదురింట్లో ఆర్నెల్ల పసివాడు ఉలిక్కిపడి లేచిన రోజు నేనే వెళ్ళి క్షమించమని అడిగాను. ఆ తల్లి నాకు కాఫీ ఇచ్చి పంపింది. కంప్లయింటు ఇచ్చింది ఆమె కాదని కూడా చెప్పింది.

"కొంచెం చిన్నగా ఊదమనండి" అన్నారు సెక్రటరీ గారు. కుదిరితే ఈ ఉత్తరమే ఉండేది కాదండీ. నాదస్వరం పైన చిన్న పీక ఉంటుంది, మా మనవరాలి మాస్టారు సీవాళి అంటారు. కావేరి ఒడ్డున పెరిగే ఒకరకం రెల్లుతో చేస్తారు. రెండు పలకలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఒక మోతాదు దాటి ఊపిరి బిగిస్తే తప్ప అవి అదరవు. తక్కువగా ఊదితే చిన్న స్వరం రాదు, ఉత్త గాలి వస్తుంది. హార్మోనియంలా దీనికి మెట్లు లేవు. ఏడు కన్నాలు. రిషభం, అంటే 'రి' స్వరం, చిన్నదా పెద్దదా అన్నది పెదవి బిగింపు, ఊపిరి, కన్నం మీద వేలు ఎంత జరిగిందన్నదాన్ని బట్టి తేలుతుంది. గొంతు నొక్కి సాధకం చేస్తే పెదవికి అబద్ధం అలవాటవుతుంది. కింద ఇంకో అయిదు కన్నాలుంటాయి. వాటి మీద వేళ్ళు పెట్టరు, మైనం అద్ది శ్రుతి సరిచేసుకుంటారు.

నాదస్వరం కింది మూతిలో గుడ్డ కుక్కి కూడా చూశాం. ఊపిరి పై కన్నాల్లోంచే బయటికొస్తుంది కాబట్టి మోత అలాగే ఉంది. అన్ని కన్నాలూ మూస్తే వచ్చే అడుగు స్వరం మాత్రం చచ్చింది. గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించమని వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దమనిషి సలహా ఇచ్చారు. వాటివల్ల గది లోపలి గింగురు కాస్త తగ్గుతుందేమో గానీ గోడ దాటే శబ్దం ఆగదు. ముప్ఫై అట్టలు కొన్నాక తెలిసింది.

ఇంత తంటా ఎందుకు, పిల్లకి కీబోర్డు కొనిపెట్టి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించొచ్చుగా అని మీకనిపిస్తుంది. ఆ పని మా ఇంట్లో అయిపోయింది. అదే చెప్పాలని ఇంత పొడుగు ఉత్తరం.

మా తాతయ్య, అంటే మా నాన్నగారి నాన్న, ఒంగోలు దగ్గర పల్లెలో గుడి మేళం సన్నాయి. మా వైపు నాదస్వరాన్ని సన్నాయనే అంటారు. తెల్లవారుజామున చెరువు గట్టు మీద ఊదేవాడు. ఆ భూపాల రాగం వినే ఊళ్ళో ఆవుల్ని విప్పేవాళ్ళని మా నానమ్మ చెప్పేది. ఆ చుట్టుపక్కల సన్నాయి ఊదే ఇళ్ళు చాలా ఉండేవి, మా వాళ్ళవీ, సాయిబులవీ. కరవది కూడా ఒంగోలు పక్కనే. ఆ ఊళ్ళో పుట్టిన షేక్ చినమౌలానా గారు శ్రీరంగంలో స్థిరపడి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. ఆయన మనవళ్ళు కాశిం, బాబు ఇప్పటికీ ఊదుతున్నారు.

మా నాన్నగారు టౌనుకొచ్చారు. వరసగా అయిదు వాటాలున్న ఇంట్లో ఒక వాటా, ఒకే వసారా. సన్నాయి పక్కనపెట్టి వయొలిన్ పట్టారు. వీధిలోకి వినపడదు, వసారా వరకే. మా ఇంట్లో దేవుళ్ళ పటాల పక్కన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫొటో ఉండేది. ఆయన పుట్టింది మన బెంగళూరులోనేనని, 1893లో అని, నాన్న ఇక్కడికొచ్చినప్పుడల్లా నాకు కొత్తగా చెప్పేవారు. ద్వారం వారి అమ్మాయి మంగతాయారు గారు వయొలిన్ విద్వాంసురాలు కాబట్టి, ఆడపిల్లకి వాయిద్యమేమిటని మా ఇంట్లో ఎవరూ అనలేదు.

నాకు వీణ వచ్చింది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేసింది, ఒకే పనస దుంగలో తొలిచిన ఏకాండి వీణ. దాన్ని ఒళ్ళో పెట్టుకుని రైల్లో రాత్రంతా కూర్చుని తెచ్చారు నాన్న. వీణ పక్కగదికే సరిగ్గా వినపడదు. పెళ్ళయ్యాక రెండు గదుల ఇళ్ళలో, అత్తగారి మధ్యాహ్నం నిద్ర చెడకుండా వాయించుకున్నాను. ఈ అపార్ట్‌మెంటుకొచ్చి పదకొండేళ్ళయింది. నాకు వీణ వచ్చని మా పక్క ఫ్లాటు వాళ్ళకి ఈ ఉత్తరం చదివాకే తెలుస్తుంది.

మా అబ్బాయిది కీబోర్డు, హెడ్‌ఫోన్లతో. రాత్రి పదకొండింటికి ఆఫీసు కాల్స్ ముగించుకుని వాయించుకుంటాడు. వాడి సంగీతం మాకు వినపడేదల్లా ప్లాస్టిక్ మీటల టకటక. ఏం వాయిస్తున్నావురా అంటే ఒక చెవి ఊడదీసి నాకు ఇస్తాడు.

వీధి నుంచి వసారాకి, వసారా నుంచి గదికి, గది నుంచి చెవిలోకి. ఇళ్ళు ఇరుకైనకొద్దీ మా వాయిద్యం గొంతు తగ్గించుకుంటూ వచ్చింది. మరి మైసూరు వయొలిన్ విద్వాంసులు చౌడయ్య గారు దీనికి తిరగేసి చేశారు. మైకులు సరిగ్గా లేని రోజుల్లో పెద్ద హాళ్ళలో వెనక వరసకి వినపడాలని నాలుగు తీగల వయొలిన్‌కి ఇంకో మూడు కలిపి ఏడు తీగలు చేసుకున్నారు. ఆయన పేరు మీద మల్లేశ్వరంలో వయొలిన్ ఆకారంలో హాలు కట్టారు. పిల్లల స్కూలు ఫంక్షన్లకి మనలో చాలామంది అక్కడికి వెళ్ళే ఉంటారు.

ఇల్లు ఇరుకై వాయిద్యం తగ్గిందన్నాను. అది సగమే నిజం. మేం నాయీబ్రాహ్మణులం. ఊళ్ళో మమ్మల్ని పిలిచే పేరు వేరు. మా తాతయ్య పొద్దున కత్తి పట్టేవాడు, సాయంత్రం సన్నాయి పట్టేవాడు. పెళ్ళికి అందరికంటే ముందొచ్చి కూర్చునేది మేళం. పురోహితుడు చెయ్యి ఊపి "గట్టిమేళం, గట్టిమేళం" అని అరవగానే, మంగళసూత్రం పడే ఆ క్షణంలో ఎవరి తుమ్మూ ఎవరి అపశకునపు మాటా వినపడకుండా చెవులు హోరెత్తించాలి. అప్పుడు ఎంత గట్టిగా ఊదితే అంత గొప్ప. తర్వాత భోజనం మాత్రం ఆఖరి పంక్తిలో, ఒక్కోసారి పంక్తిలో కూడా కాదు, పెరట్లో. నాన్నకి పన్నెండేళ్ళప్పుడు ఒక పెళ్ళి మేళంలో తాళాలు వాయించి, ఆకలికి ఆగలేక రెండో పంక్తిలో కూర్చుంటే చెయ్యి పట్టుకుని లేపారట. ఈ సంగతి ఆయన నాకు చెప్పింది ఒక్కసారే, అదీ డెబ్బై దాటాక.

వయొలిన్ పట్టాక ఆయన్ని మేళగాడనలేదు, మాస్టారన్నారు. ఉద్యోగం వచ్చినప్పుడు సన్నాయిని తాతయ్య పంచెలో చుట్టి అటక మీద పెట్టారు. నా పెళ్ళికి కూడా దించలేదు. వేరే ఊరి మేళాన్ని పిలిచారు. వాళ్ళకి మొదటి పంక్తిలో వడ్డించమని తనే దగ్గర నిలబడ్డారని అమ్మ చెప్పింది.

దక్షిణ కన్నడ జిల్లాకి చెందిన కద్రి గోపాల్‌నాథ్ గారు కూడా నాదస్వరం ఊదే ఆయన కొడుకే. మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సొఫోన్ చూసి మనసుపడి, దాన్ని కర్ణాటక సంగీతానికి లొంగదీసుకున్నారు. ఆయన మారింది ఇష్టంతో. మేం మారింది సిగ్గుతో. అలాగని నాన్న వయొలిన్‌ని తక్కువ చేయను, ఆ కమాను మీదే మేం తిన్నాం, చదువుకున్నాం.

ఇక మనవరాలి సంగతి. రెండేళ్ళ కిందట టౌన్లో నాన్నగారి ఇల్లు పడగొట్టించాం. అటక మీది సామానంతా దించుతుంటే పంచె మూట దొరికింది. తొమ్మిదేళ్ళ పిల్ల దాన్ని విప్పి, నోటికి తిరగేసి పెట్టుకుంది. పీక ఎప్పుడో పొడైపోయింది. కర్ర మాత్రం చెక్కుచెదరలేదు, ఒక సన్నటి పగులు, దాని నిండా తాతయ్య నింపిన మైనం. తర్వాత మాస్టారు చూసి, ఇది ఆచా అనే చెట్టు కర్ర, కుంభకోణం దగ్గర నరసింగంపేటలో చేసింది కావచ్చన్నారు. ఆ ఊరి నాదస్వరాలకి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పచ్చి చెట్టు వాళ్ళకి పనికిరాదు. పడగొట్టిన పాత ఇళ్ళ దూలాలు, స్తంభాలు ఏరి తెచ్చుకుంటారు, దశాబ్దాల తరబడి ఆరిన కర్ర అయితేనే పగలదు, మెలిదిరగదు. మా ఇల్లు కూల్చిన మట్టిలో నిలబడి ఉండగా నాకీ సంగతి తెలిసి ఉంటే ఏమయ్యేదాన్నో.

పాతబెంగళూరులో ఒక గుళ్ళో ఊదే విద్వాంసుడు నేర్పడానికి ఒప్పుకున్నారు. ఇంట్లో తెలుగు, గుళ్ళో కన్నడ మాట్లాడతారు. తాతయ్యది బారి, అంటే పొడుగు రకం, దాని ఏడు కన్నాల్లో కింది వాటికి పిల్ల వేళ్ళు అందవు. అందాక మాస్టారిచ్చిన తిమిరి మీద నేర్చుకుంటోంది. అది పొట్టిది, శ్రుతి ఎక్కువ. అంటే మీ చెవులకి మరీ కష్టమన్నమాట, నిజమే. మొదటి మూడు వారాలూ గాలి తప్ప ఏమీ రాలేదు. ఒక సాయంత్రం తప్పిపోయిన మేకపిల్ల అరిచినట్టు ఏదో వచ్చింది. పిల్ల తన శబ్దానికి తనే భయపడి వాయిద్యం దించేసింది. ఇప్పుడు మాయామాళవగౌళ రాగంలో సరళీ వరసలు, అంటే మొదటి పాఠాలు, రెండు వేగాల్లో వచ్చాయి. పీక తడిగా ఉంటే గానీ పలకదని, దాన్ని నోట్లో పెట్టుకునే లెక్కల హోంవర్క్ చేస్తుంది. ఏదైనా అడిగితే "ఊఁ" తప్ప జవాబుండదు.

మీ నోటీసు వచ్చాక అది కారులో ఊదుతోంది. నిజంగానే. బి-2 పార్కింగులో, అంటే రెండో సెల్లారులో, అద్దాలు పైకెత్తి, వెనక సీట్లో కాళ్ళు మడుచుకుని, మూతి డిక్కీ వైపు పెట్టి. ఏసీ వేస్తే ఇంజను నడవాలి, మూసిన పార్కింగులో ఆ పొగ మంచిది కాదు కాబట్టి వెయ్యనివ్వను. ఇరవై నిమిషాలయ్యేసరికి గౌను తడిసిపోతుంది, అద్దాలకి ఆవిరి పడుతుంది. నేను బయట ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటాను. రాత్రి డ్యూటీ సెక్యూరిటీ అబ్బాయిది ఒడిశాలోని గంజాం జిల్లా. మొదటిరోజు టార్చి వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. సంగతి అర్థమయ్యాక నవ్వి, మా ఊళ్ళో దీన్ని మహురి అంటారమ్మా, మా మావయ్య ఊదుతాడు అన్నాడు. ఇప్పుడు ఆ వేళకి రౌండు అటువైపే తిరుగుతాడు.

ఇంకొక్కటి అడుగుతాను, ఎత్తిపొడుపు అనుకున్నా ఫర్వాలేదు. మన కాంపౌండులోని వినాయకుడి గుడిలో రోజూ సాయంత్రం ఏడింటికి స్విచ్ వేస్తే మోటారుతో తిరిగే యంత్రం ఉంది, డప్పూ గంటా తాళాలూ ఒకేసారి బాదేది. అది ఎంతో నేను కొలిచాను, గుడి మెట్ల దగ్గర 96. పండగలకి పెన్‌డ్రైవులోంచి నాదస్వరం పెడతారు, స్పీకర్లలో. పోయిన చవితికి అదే పాట నలభై నిమిషాలు తిరిగింది, ఎవరూ మార్చలేదు. డిసెంబరు 31 రాత్రి డీజే సంగతి ఎత్తను, నేనూ ఆ బిర్యానీ తిన్నాను. వీటిలో ఏదీ ఆపమని నా ఉద్దేశం కాదు. యంత్రం మోగినా, రికార్డు మోగినా మనకి అభ్యంతరం లేదు. మనిషి నేర్చుకుంటూ తప్పులు ఊదితేనే న్యూసెన్సు అయింది. నేర్చుకునే చోటు లేకపోతే ఆ రికార్డులో ఊదేవాళ్ళు ఎక్కణ్ణుంచి వస్తారండీ?

నేనడిగేది చిన్నది. బి-2లో పంపు రూము పక్కన ఒక గది ఉంది. విరిగిన కుర్చీలు, పాత క్రిస్మస్ చెట్టు, కరోనా రోజుల నాటి శానిటైజర్ డబ్బాలు పడేసిన గది. మూడు వైపులా మట్టి, నాలుగో వైపు పార్కింగు, పైన రెండు స్లాబులు. దాన్ని ఖాళీ చేయించి, ఒక ఫ్యాను పెట్టించి, గాలి బయటికి లాగే ఎగ్జాస్టు బిగించి, పొద్దున ఏడు నుంచి ఎనిమిదిన్నర, సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది వరకు వాయిద్యాల సాధకానికి ఇవ్వండి. తలుపుకి రబ్బరు అంచు, ఎగ్జాస్టు ఖర్చు మేం పెట్టుకుంటాం. రిజిస్టరులో పేరు రాసి తాళం తీసుకుంటాం. ఇది మా ఒక్కళ్ళ కోసం కాదు. సి బ్లాకులో ఒకబ్బాయి తబలా మీద దుప్పటి కప్పి వాయిస్తున్నాడు. ఎనిమిదో అంతస్తులో ఒకాయన రిటైరయ్యాక శాక్సొఫోన్ కొని, మాట రానివ్వకూడదని కవర్లోంచి తీయడమే మానేశారు. ఈ నోటీసు చూశాక ఇద్దరూ నన్ను లిఫ్టులో ఆపి మాట్లాడారు. గది వస్తే నా వీణ కూడా దించుతాను, తీగలు మార్చాలి.

నోటీసులో "పూర్తి నిషేధం" అన్న మాట తీసేసి, "ఫ్లాట్లలో ఫలానా వేళల్లో, మిగతాది సాధకం గదిలో" అని రాయండి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఎవరూ ఏదీ వాయించకూడదన్న నిబంధన ఎటూ ఉంది, దాని జోలికి మేం రాం. ఇప్పటిదాకా వేసిన రెండు వేల జరిమానా కట్టేశాను, రసీదు ఇంకా రాలేదు.

ఆదివారం జనరల్ బాడీ మీటింగుకి వస్తున్నాను. పిల్లని తీసుకురాను, దానికి ఆరోజు క్లాసుంది. ఓటు వేసే ముందు మీలో ఒకరిద్దరైనా వినాలనుకుంటే, సోమవారం నుంచి శనివారం వరకు సాయంత్రం ఆరున్నరకి బి-2, లిఫ్టుకి ఎడమవైపు చివరి వరస, బూడిదరంగు కారు. అద్దం మీద వేలితో కొట్టండి. సరళీ వరస మధ్యలో ఉంటే వెంటనే తియ్యదు, కాసేపు ఆగాలి.

ఇట్లు,
బి బ్లాకు, మూడో అంతస్తు నుంచి
ఒక నానమ్మ